పచ్చి ఫైలు ఒకటే, రంగులు మాత్రం తలోరకం ఎందుకు?

పచ్చి ఫైళ్లుగా, అంటే కెమెరా జేపెగ్‌గా వండకుండా సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచిన రా ఫైళ్లుగా తీసిన పెళ్లి ఫొటోలు కార్డులోంచి దించుకుని, అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఒకటి తెరుస్తాం, మొదటి క్షణం పట్టుచీర ఎరుపు కెమెరా వెనక చూసినట్టే భలే ఉంటుంది, ఈలోపు స్క్రీన్ ఒక్కసారి మిణుక్కుమని ఆ ఎరుపు కాస్తా పది ఉతుకులు పడ్డట్టు వెలిసిపోతుంది. మా చెల్లి పెళ్లికి తీసినవి మొదటిసారి ఇలా అయితే కార్డు పాడైందనుకుని రాత్రంతా కంగారు పడ్డా. పోనీ అని డార్క్‌టేబుల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఇంకోలా ఉన్నాయి, కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మళ్లీ మొదట చూసినట్టే ఉన్నాయి. ఫైలు అదే, ఒక్క బైటు కూడా మారలేదు.

విషయం ఏంటంటే ఆ మొదటి క్షణంలో మనకి కనబడింది అసలు రా డేటా కాదు. దాదాపు ప్రతి రా ఫైలు లోపలా కెమెరా తనే తయారుచేసి పెట్టిన జేపెగ్ ఒకటి ఉంటుంది, ప్రివ్యూ కోసం. కెమెరా వెనక జూమ్ చేసి చూసి మురిసిపోయేది కూడా అదే. సాఫ్ట్‌వేర్ ముందు దాన్ని చూపించి, ఈలోపు అసలు డేటాని తన లెక్కల ప్రకారం వండి, పాతది తీసేసి ఇది పెడుతుంది.

వండటం ఎందుకంటే సెన్సర్‌కి రంగులు తెలీవు, ఎంత వెలుతురు పడిందో అంతే తెలుసు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు, 1976లో పేటెంట్ వచ్చింది: ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ ఫిల్టరు, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. అంటే ఒక్కో పిక్సెల్‌లో మూడు రంగులకి ఒకటే నిజంగా కొలిచింది, మిగతా రెండూ చుట్టుపక్కల పిక్సెళ్లని చూసి ఊహించినవే. ఈ ఊహించే పనిని డీమొజాయిక్ అంటారు, అందులో ఎవరి లెక్క వాళ్లది. ఫూజీ 2012లో ఎక్స్-ప్రో1 కెమెరాతో ఈ అమరికనే మార్చేసింది, అప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో చెట్ల ఆకులు వాటర్‌కలర్ పూసినట్టు వస్తున్నాయని చాలా ఏళ్లు గోల నడిచింది.

కానీ మనం డల్‌గా ఉందీ, పచ్చగా కొడుతోందీ అనేది దీనివల్ల కాదు, రంగు దగ్గర. వైట్ బ్యాలెన్స్, అంటే తెల్లది తెల్లగా కనబడేలా రంగుల్ని సరిచేసే లెక్క, వేయకుండా రా డేటాని ఉన్నదున్నట్టు చూస్తే పచ్చి ఫైలు నిజంగానే ఆకుపచ్చగా ఉంటుంది, పైగా చీకటిగా కూడా ఉంటుంది, ఎందుకంటే 14 బిట్ల ఫైల్లో ఉండే 16,384 మెట్లలో సగం ఒక్క అత్యంత వెలుగైన స్టాప్‌కే (వెలుతురు రెట్టింపయ్యే ఒక్కో అంతరం ఒక స్టాప్) పోతాయి, మన కన్ను అలా చూడదు. కాబట్టి ఎరుపుని, నీలాన్ని ఇంత అని పెంచాలి, ఆ కెమెరా ఎరుపు అంటే మామూలు ఎరుపులో ఏది అని ఒక అంకెల పట్టీతో మార్చాలి, మీద ఒక టోన్ కర్వ్, అంటే చీకట్లు వెలుగులు ఎంతెంత ఉండాలో సరిచేసే గీత, వేయాలి. ఎంత పెంచాలి, ఏ పట్టీ, ఏ కర్వ్ అన్నది మొత్తం తెలిసింది కెమెరా కంపెనీకే, వాళ్లేమో బయటికి చెప్పరు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

1997లో డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్ డీసీరా అని రా ఫైళ్లు తెరిచే ఒక చిన్న ప్రోగ్రామ్ సీ భాషలో మొదలుపెట్టాడు. కంపెనీలు చెప్పవు కదా, అందుకని ఒక్కో కెమెరా ఫైలునీ తనే విప్పి చూసి, లోపల ఏముందో పట్టుకుని, ఏళ్ల తరబడి వందల కెమెరాలకి సపోర్ట్ రాసుకుంటూ పోయాడు. ఇప్పుడున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం అదే, రా ఫైళ్లు చదవడానికి మిగతా సాఫ్ట్‌వేర్లు వాడుకునే లిబ్‌రా కూడా దాన్నుంచే పుట్టింది. ఇంకో పక్క 2003లో ఫొటోషాప్‌లో రా ఫైళ్లు తెరవడానికి అడోబీ కెమెరా రా వచ్చింది, రాసింది ఫొటోషాప్ మొదలెట్టిన అన్నదమ్ముల్లో ఒకరైన థామస్ నోల్, మొదట్లో ఫొటోషాప్ 7కి 99 డాలర్లు పెట్టి విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. అడోబీ వాళ్లు కెమెరాల రంగుల్ని తామే కొలుచుకుని పట్టీలు తయారుచేసుకున్నారు. తమాషా ఏంటంటే డీసీరా కోడ్ తెరిచి చూస్తే ఆ రంగుల పట్టీ ఉన్న ఫంక్షన్ పేరే అడోబీ కోఎఫ్, అంటే ఫ్రీగా వాడేవాళ్లు కూడా అడోబీ కొలతలనే అరువు తెచ్చుకున్నారన్నమాట. మరి రెండిట్లో ఒకే రంగు రావాలి కదా అంటే రాదు, పట్టీ ఒకటే అయినా మీద వేసే కర్వ్ వేరు, ప్రొఫైల్ (ఆ కెమెరా రంగులు ఎలా కనబడాలో చెప్పే సెట్టింగు) వేరు.

2005లో గొడవ రోడ్డున పడింది. నికాన్ తన కొత్త డీ2ఎక్స్ కెమెరా ఫైళ్లలో మిగతాదంతా మామూలుగా వదిలేసి వైట్ బ్యాలెన్స్ అంకెల్ని మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసింది. బియ్యం డబ్బా మూత తీసిపెట్టి ఉప్పు డబ్బాకి తాళం వేసినట్టు. అమెరికాలో తాళం పగలగొడితే కాపీరైట్ చట్టం కింద కేసు అవుతుందేమోనని అడోబీ వెనకాడింది, నోల్ ఆ సంగతి బయటపెట్టేశాడు. కావాలంటే ఫైళ్లు తెరిచే మా సాఫ్ట్‌వేర్ కిట్ తీసుకుని వాడుకోండి అంది నికాన్. ఈలోపు డేవ్ కాఫిన్ ఆ తాళం తీసి కోడ్ పబ్లిక్‌లో పెట్టేశాడు! చివరికి నికాన్ ఇచ్చిన చిన్న కిట్‌తో అడోబీ రాజీపడింది. దానికి ఏడాది ముందే, 2004లో, అందరికీ ఒకటే ఫార్మాట్ ఉండాలని అడోబీ డీఎన్‌జీ తెచ్చింది, లైకా, పెంటాక్స్ లాంటివాళ్లు తీసుకున్నారు, తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా, పెద్ద తలకాయలు కేనన్, నికాన్, సోనీ మాత్రం కదల్లేదు. నన్నడిగితే డీఎన్‌జీ అందరూ వాడినా రంగులు ఒకటి కావు, డబ్బా ఒకటవుతుంది గానీ వంట ఒకటవదు.

2008లో అడోబీ కెమెరా స్టాండర్డ్, కెమెరా వివిడ్ లాంటి పేర్లతో ప్రొఫైల్స్ ఇచ్చింది, చాలామంది అవి కెమెరా కంపెనీ ఇచ్చినవే అనుకుంటారు, కాదు, కంపెనీ జేపెగ్‌ని చూసి అడోబీ చేసిన మిమిక్రీ అవి. అవి పెట్టుకున్నా కొన్నిసార్లు ఫొటో చీకటిగానే వస్తుంది. నాకు అలా వచ్చినప్పుడు చివరికి తేలింది ఏంటంటే కెమెరాలో యాక్టివ్ డీ-లైటింగ్ అనే నికాన్ సెట్టింగు ఆన్‌లో ఉంది. అది తెల్లపంచె, దీపాలు లాంటి వెలుగులు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, జేపెగ్‌లో నీడల్ని పైకి లేపుతుంది, బయటి సాఫ్ట్‌వేర్‌కి ఆ తగ్గించిన ఫైలు మాత్రమే అందుతుంది, లేపే లెక్క అందదు. కేనన్‌లో హైలైట్ టోన్ ప్రయారిటీది కూడా ఇదే వరస.

వీడియోలో కథ ఇంకో రకం, అక్కడ పేటెంట్లు. సినిమా కెమెరాలు చేసే రెడ్ కంపెనీ 2007లో రెడ్ వన్ కెమెరాతో కంప్రెస్ చేసిన రా తెచ్చి దాని మీద పేటెంట్ పట్టుకుని కూర్చుంది, యాపిల్ 2019లో సవాలు చేసి ఓడింది. 2018లో ఇంకో వీడియో కెమెరాల కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డీమొజాయిక్‌లో కొంత పని కెమెరాలోనే చేసేసే సొంత రా తెచ్చుకుంది, అదే ఏడు యాపిల్ ప్రోరెస్ రా తెచ్చింది, దాన్ని బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్ ఏళ్ల తరబడి తెరవనే లేదు. ఇక 2022లో రెడ్ కేసు వేసింది ఎవరి మీదనుకున్నారు, నికాన్ మీద. 2024లో ఆ నికానే రెడ్‌ని కొనేసింది.

సాఫ్ట్‌వేర్ మార్చకపోయినా రంగు మారుతుంది, అది ఇంకో సంగతి. అడోబీ తన వంట లెక్కల్ని 2010లో, 2012లో మార్చింది, ఆ తర్వాతా మార్చింది, అయితే పాత ఎడిట్లు చెదిరిపోకుండా పాత లెక్కల్ని కూడా లోపలే ఉంచింది. 2009లో ఎడిట్ చేసిన ఫొటో ఇవాళ లైట్‌రూమ్‌లో తెరిచినా అప్పటి లెక్కలతోనే కనబడుతుంది, కిందికి పోయి ప్రాసెస్ వెర్షన్ అన్నచోట కొత్తది ఎంచుకుంటే కళ్లముందే నీడలు కదులుతాయి. మా చెల్లి పెళ్లి ఫొటోలు పాత వెర్షన్‌లోనే ఉంచేశా, ఆల్బమ్‌లో ప్రింట్ అయిన ఎరుపు అదే కాబట్టి.