ఒక్క యాప్ ఆపడానికి ఫోనంతా ఎందుకు చెరపాలి?

కంపెనీ ఫోన్లలో ఫలానా యాప్ వాడొద్దని యాజమాన్యం సర్క్యులర్ ఇస్తుంది. దాన్ని అమలు చేయాల్సిన ఐటీ విభాగమేమో ఫోన్లన్నీ తెప్పించి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, మళ్లీ మొదటి నుంచి సెట్ చేసి ఇస్తామంటుంది. ఒక్క యాప్‌కు ఇంత హంగామా దేనికని ఉద్యోగికి చిరాకు, మేనేజర్‌కు అనుమానం. ఫోన్ ఎవరిదో తేలకుండా అందులోని యాప్‌ల మీద పెత్తనం ఎవరికీ ఇవ్వకూడదన్న నిర్ణయానికి ఆపిల్, గూగుల్ చెరో దారిలో వచ్చాయి. ఈ రీసెట్ తంతు అక్కడి నుంచే వచ్చింది.

బ్లాక్‌బెర్రీ రోజుల్లో ఈ పేచీ లేదు. ఫోన్ కొనేది కంపెనీ, 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ ఎంటర్‌ప్రైజ్ సర్వర్‌ను నడిపేదీ కంపెనీయే. తర్వాతి వెర్షన్లలో బయటి యాప్‌ల డౌన్‌లోడ్ ఆపాలంటే ఐటీ పాలసీలో ఒక నిబంధన ఆన్ చేస్తే సరిపోయేది. 2007లో ఐఫోన్, 2008 జూలైలో యాప్ స్టోర్ వచ్చాక కథ మారింది. జనం సొంత ఫోన్లు పట్టుకొచ్చి ఆఫీసు మెయిల్ పెట్టమన్నారు. 2010లో ఐఓఎస్ 4తో ఆపిల్ ఎండీఎం (కంపెనీ దూరం నుంచే ఫోన్లను అదుపు చేసే పద్ధతి) సదుపాయం ఇచ్చింది కానీ, యాప్‌ల ఇన్‌స్టాలేషన్ మొత్తం ఆపడమో, మొత్తం వదిలేయడమో తప్ప మధ్యేమార్గం లేదు. అదే ఏడాది ఆండ్రాయిడ్ 2.2లో వచ్చిన డివైస్ అడ్మిన్‌కు పాస్‌వర్డ్ పెట్టించడం, లాక్ చేయడం, డేటా చెరిపేయడం తెలుసు. యాప్‌ల ఊసు అందులో లేదు.

మరి ఆ రోజుల్లో ఐఫోన్లకు ఎండీఎం సంస్థలు 'బ్లాక్‌లిస్ట్' పేరుతో అమ్మిందేమిటి? ఫోన్‌లో ఉన్న యాప్‌ల జాబితా తెప్పించుకుని, నిషేధిత పేరు కనబడితే ఆఫీసు మెయిల్ కత్తిరించడం. యాప్ మాత్రం నడుస్తూనే ఉండేది. పైగా ఎవరి ఫోన్‌లో ఏ పెళ్లిసంబంధాల యాప్ ఉందో, ఎవరు వేరే ఉద్యోగం వెతుకుతున్నారో ఐటీ వాళ్లకు ఇట్టే తెలిసిపోయేది. ఉద్యోగులు ఎండీఎం అంటేనే బెదిరిపోయారంటే తప్పు వాళ్లది కాదు.

2012లో ఆపిల్ కాన్ఫిగరేటర్‌తో 'సూపర్‌విజన్' వచ్చింది. ఫోన్‌ను మ్యాక్‌కు కేబుల్‌తో కలిపి, మొత్తం చెరిపి, ఇది సంస్థ సొత్తు అని ముద్ర వేయడం. 2014లో డివైస్ ఎన్‌రోల్‌మెంట్ ప్రోగ్రామ్ వచ్చాక, సంస్థ ఖాతాకు ముడిపెట్టిన ఫోన్లకు ఆ ముద్ర మొదటిసారి ఆన్ చేసినప్పుడే గాలిలోనే పడుతోంది. పేరుపేరునా యాప్‌లను ఆపే వీలు 2016లో ఐఓఎస్ 9.3తోగానీ రాలేదు, అదీ సూపర్‌విజన్ ఉన్న ఫోన్లకే. ఐఓఎస్ 13 నాటికి ఇన్‌స్టాలేషన్ మొత్తం ఆపే పాత నిబంధన కూడా ఆ గడప లోపలికే వెళ్లింది.

గూగుల్ 2014లో ఆండ్రాయిడ్ 5.0తో రెండు దారులు వేసింది. సొంత ఫోన్‌కు వర్క్ ప్రొఫైల్: బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌లే కంపెనీవి, మిగతావి దానికి కనబడవు. కంపెనీ ఫోన్‌కు డివైస్ ఓనర్ హోదా, అంటే ఫోన్ మొత్తం మీద ఎండీఎంకు అధికారం: ఫోన్ సెటప్ పూర్తయ్యేలోపే ఇవ్వాలి, ఆ తర్వాత కుదరదు. ఆండ్రాయిడ్ 10తో పాత డివైస్ అడ్మిన్ అధికారాలకు కత్తెర పడింది. వాడుకలో ఉన్న ఫోన్‌ను పాత పద్ధతి నుంచి డివైస్ ఓనర్‌కు మార్చాలంటే రీసెట్ తప్పదు.

రీసెట్ అయిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్వాగతం తెరమీద ఒకే చోట 6 సార్లు తడితే క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది. ఎండీఎం ఇచ్చిన కోడ్ స్కాన్ చేస్తే పాలసీ దిగుతుంది. చిక్కులు మొదలయ్యేది ఇక్కడే. ఎండీఎంల కోసం గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ ఏపీఐలో ప్లే స్టోర్ అనుమతి జాబితా పద్ధతిలో ఉంటే, పాలసీలో లేని యాప్‌లు వాటంతటవే అన్‌ఇన్‌స్టాల్ అవుతాయి. నిషేధ జాబితా పద్ధతిలో ఉంటే, పేరు రాయనిదల్లా దొరుకుతుంది. కొన్ని ఎండీఎంలలో ఫోన్‌తో వచ్చిన కెమెరా, గ్యాలరీ కూడా మాయమవుతాయి. వాటిని ప్యాకేజీ పేరుతో (సిస్టమ్ యాప్‌ను గుర్తుపట్టే అసలు పేరు) తిరిగి చేర్చాలి, ఆ పేరేమో తయారీదారును బట్టి మారుతుంది. శాంసంగ్ కెమెరా పేరు రాసి మోటరోలా ఫోన్లకు పంపితే ఫలితం సున్నా. వాట్సాప్ ఆపామనుకుని వాట్సాప్ బిజినెస్‌ను మరిచిపోవడం ఇంకో మామూలు పొరపాటు. రెండింటి ప్యాకేజీలు వేరు.

ఐఫోన్‌లో నిషేధ జాబితా యాప్‌ను తీసేయదు, దాచేసి తెరవనివ్వదు, అంతే. అనుమతి జాబితా పెడితే హోమ్ స్క్రీన్ మీది వెబ్ క్లిప్‌లు (వెబ్‌సైట్ల షార్ట్‌కట్లు) కూడా ఎగిరిపోతాయి. 'కామ్.ఆపిల్.వెబ్‌యాప్' అని జాబితాలో విడిగా చేర్చాలి.

సెట్టింగ్స్‌లో రీసెట్‌ను మూసేసినా, బటన్లు నొక్కి రికవరీ మోడ్‌లోంచి చెరిపే దారి ఆండ్రాయిడ్‌లో మిగిలే ఉంటుంది. కంపెనీ గూగుల్ ఖాతాతో ఎఫ్ఆర్‌పీ (చెరిపాక ఫోన్ వాడనివ్వని తాళం) పెట్టిన ఫోన్ అక్కడ ఆ ఖాతా అడుగుతుంది. కంపెనీ ఫోన్లను ముందే నమోదు చేసే గూగుల్ సేవ జీరో టచ్‌లో ఉన్న ఫోన్ ఎన్నిసార్లు చెరిపినా మళ్లీ కంపెనీ పాలసీలోకే వస్తుంది. క్యూఆర్‌తో మాత్రమే చేర్చి, ఎఫ్ఆర్‌పీ వదిలేసిన ఫోన్ చేజారినట్టే.

ఇంతా చేసి, ఇది సంస్థ ఫోన్ వరకే. 2021 డిసెంబర్‌లో అమెరికాలో జేపీ మోర్గాన్ బ్యాంకు మీద అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థలు ఎస్ఈసీ, సీఎఫ్‌టీసీ కలిపి 20 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. సిబ్బంది సొంత ఫోన్లలో వాట్సాప్, మెసేజ్‌ల ద్వారా వ్యాపార సంభాషణలు జరిపారు, వాటి రికార్డు సంస్థ దగ్గర లేదు. కంపెనీ ఫోన్ ఎంత బిగిస్తే మాటలు పక్క జేబులోని ఫోన్‌కు అంత త్వరగా జారుకుంటాయి. దాంతో పోలిస్తే అమెరికా ప్రభుత్వ ఫోన్లలో టిక్‌టాక్‌ను తీసేయడం తేలికైన పని: 2022 డిసెంబర్‌లో చట్టం వచ్చింది, 2023 ఫిబ్రవరి 27న వైట్‌హౌస్ 30 రోజుల గడువు పెట్టింది, యాప్ పేరు ఒక్కటే.

ఏఐ టూల్స్‌తో ఆ సులువూ పోయింది. 2025 జనవరి 29న మన కేంద్ర ఆర్థిక శాఖ, ఆఫీసు కంప్యూటర్లలో, పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని సిబ్బందికి చెప్పింది. ఇలాంటివి యాప్ తీసేసినా బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి, యాప్ జాబితా వాటిని పట్టదు. ఆండ్రాయిడ్‌లో ఎండీఎం ద్వారా క్రోమ్‌కు నిషేధిత చిరునామాల జాబితా పంపాలి, మిగతా బ్రౌజర్లు మూసేయాలి. ఐఫోన్‌లో ఎండీఎం పెట్టే అంతర్గత వెబ్ ఫిల్టర్ వాడాలి, దానికీ సూపర్‌విజన్ కావాలి.