మాస్ మొక్క చెట్టుకు తాతమ్మ కాదు: తొలి నేల మొక్కలపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. పువ్వుల పాఠమప్పుడు తరగతి నిండా ప్రశ్నలే. బ్రయోఫైటా, టెరిడోఫైటా, అంటే మాస్, ఫెర్న్ వంటి పువ్వులు లేని మొక్కల దగ్గరికి వచ్చేసరికి అందరూ మౌనంగా రాసుకుంటారు, బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. నాకేమో ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకంటే ఇష్టమైన భాగం లేదు. ఇక్కడ రాస్తున్న అపోహలు విద్యార్థుల నుంచీ, ఇరుగుపొరుగు నుంచీ విన్నవి. వాటిలో ఒకదాన్ని తొలి రోజుల్లో నేనే పాఠంగా చెప్పాను.

అపోహ: పాచి, నాచు, మాస్ అన్నీ ఒకటే.

ఈ చిక్కు మన మాటల్లోనే ఉంది. చెరువు మీద తేలే పచ్చని పోగులు నాచు. బావి మెట్ల మీద కాలు జారేలా చేసేది పాచి. వానాకాలంలో ప్రహరీ గోడ మీద మెత్తగా పరుచుకునేదీ పాచే. చెరువులోది శైవలం (ఆల్గే), గోడ మీది మెత్తనిది చాలావరకు మాస్ మొక్క. ఈ రెండింటి మధ్య దూరం చిన్నది కాదు.

ఇంటర్మీడియట్‌లో సూక్ష్మదర్శిని కింద స్పైరోగైరా చూసినవారికి ఆ రిబ్బను లాంటి పచ్చని చుట్టలు గుర్తుండే ఉంటాయి. నేల మొక్కలకు అతి దగ్గరి బంధువులు ఆ స్పైరోగైరా కుటుంబంలోనే ఉన్నాయని జన్యువుల పోలిక చెబుతోంది. చూడటానికి మొక్కలా కొమ్మలు వేసే కారా అనే శైవలం కంటే కూడా ఇదే దగ్గర. స్పైరోగైరాలో రెండు కణాలు కలిసి సంయుక్త బీజం ఏర్పడితే, అది మొలకెత్తేటప్పుడే క్షయకరణ విభజన జరిగి క్రోమోజోముల సంఖ్య మళ్లీ సగమవుతుంది. నేల మొక్కలో ఆ విభజన వాయిదా పడింది. సంయుక్త బీజం తల్లి ఒడిలోనే ఉండి, తల్లి పెట్టే తిండి తింటూ, మామూలు విభజనలతో పిండంగా పెరిగింది. ఈ దగ్గరి బంధువుల్లో లేని ఒక కొత్త శరీరం అలా పుట్టింది. మాస్ నుంచి మర్రి దాకా ఏ నేల మొక్కనైనా శైవలం నుంచి వేరు చేసేది ఈ పిండమే.

అపోహ: మాస్ మీద లేచే సన్నని కాడలు దాని పువ్వులు.

శ్రావణ మాసపు వానల తరవాత ఒక భూతద్దం తీసుకుని పాత గోడ దగ్గరికి వెళ్లండి. తడి ఇటుకల మీద, తోటల్లో కాలిన నేల మీద ఫ్యునేరియా అనే మాస్ సులువుగా దొరుకుతుంది. కింద చిన్న చిన్న పచ్చని ఆకుల మొక్క. దాని కొసన దారమంత కాడ, ఆ కాడ చివర వంగిన గుళిక.

కింది పచ్చని మొక్కలో ప్రతి కణంలోనూ క్రోమోజోములు ఒక్క సెట్టే. అది సంయోగబీజదం, అంటే అండాలనూ పురుష బీజాలనూ తయారుచేసే తరం. వాన నీటి పొరలో పురుష బీజం ఈదుకుంటూ వెళ్లి అండాన్ని కలిస్తే, అక్కడి నుంచి పైకి లేచేదే ఆ కాడ. దానిలో క్రోమోజోములు రెండు సెట్లు. అది సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను (స్పోర్లను) తయారుచేసే తరం, తల్లి మీదే నిలబడి పెరిగే బిడ్డ. పువ్వుకూ దీనికీ పోలికే లేదు. మీరు చూస్తున్నది ఒకదాని మీద ఒకటి నిలిచిన రెండు తరాలను.

లేత గుళిక మీద సన్నని టోపీ ఒకటి ఉంటుంది. దాన్ని సూది మొనతో ఎత్తి విద్యార్థి అరచేతిలో పెడతాను. అండాన్ని దాచుకున్న తల్లి కణజాలమే, బిడ్డ పైకి లేస్తూ చీల్చుకుపోయినప్పుడు, దాని తల మీద టోపీలా మిగిలింది. బిడ్డకు రెండు సెట్లు, టోపీకి ఒకటే. ఆ మాట చెప్పినప్పుడు తరగతిలో మౌనం వేరేగా ఉంటుంది.

తరవాత ముదిరిన గుళికను, మూత రాలిపోయినదాన్ని చూసి ఎంచుకుంటాను. అంచున పళ్ల వరుస కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తూ మెల్లగా ఊపిరి వదలమంటాను. ఊపిరి తేమకు పళ్లు కదులుతాయి, ఆరగానే మళ్లీ తమ చోటికి వస్తాయి. లోపలి సిద్ధబీజాలు ఒక్కసారిగా ఒలికిపోకుండా, గాలికి కొద్దికొద్దిగా వెళ్లేలా చూసే పళ్లు అవి. ఫ్యునేరియా పూర్తి పేరులోని హైగ్రోమెట్రికా అనే మాట తేమకు దాని కాడ మెలితిరిగే గుణాన్ని బట్టి వచ్చింది.

మాస్, ఫెర్న్, దేవదారు వంటి చెట్లు, అన్నింటిలోనూ ఈ రెండు తరాలే ఒకదాని తరవాత ఒకటి వస్తాయని 1851లో చూపినవాడు విల్హెల్మ్ హాఫ్‌మైస్టర్. లైప్‌జిగ్‌లో కుటుంబపు సంగీత ప్రచురణ వ్యాపారం చూసుకుంటూ, విశ్వవిద్యాలయ చదువు లేకుండా, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని తానే నేర్చుకున్నాడు. అప్పటికి అతని వయసు 27 ఏళ్లు.

అపోహ: మాస్ నుంచి ఫెర్న్, ఫెర్న్ నుంచి విత్తనాల మొక్క వచ్చాయి.

నేను చెప్పిన తప్పు పాఠం ఇదే. బల్ల మీద మెట్లు గీసేవాణ్ని. కింది మెట్టున మాస్, అక్కడ సంయోగబీజదం పెద్దది. పైకి వెళ్లేకొద్దీ అది చిక్కిపోయి సిద్ధబీజదం పెరుగుతుంది. చూడటానికి చక్కని బొమ్మ, రాసుకోవడానికి సులువు. కానీ నిజం కాదు.

జన్యు ఆధారాల ప్రకారం మాస్‌లు, వాటిలాంటి చిన్న మొక్కలైన లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌లు కలిసి ఒక కొమ్మ. నీటిని మోసే నాళికలున్న మొక్కలన్నీ ఇంకో కొమ్మ. రెండూ ఒకే తాతమ్మ సంతానం. ఈ రోజు గోడ మీదున్న మాస్ వెనకా మర్రిచెట్టు వెనకా ఉన్న పరిణామ కాలం సమానం. లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు లేకపోవడం కూడా ఆదిమ లక్షణం కాదని, ఉన్నవి పోగొట్టుకోవడం వల్లేనని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

మరి ఆ తాతమ్మ కాలానికి దగ్గరి మొక్కలు ఎలా ఉండేవి? దీనికి జవాబు వెతకాలంటే స్కాట్లండ్‌లోని రైనీ అనే పల్లెకు వెళ్లాలి. 1912లో విలియం మాకీ అనే వైద్యుడు అక్కడి పొలాల రాతి గోడల్లో వింత చెకుముకి రాళ్లు గమనించాడు. పలచగా కోసి చూస్తే లోపల మొక్కల కాండాలు, కణం కణం చెడకుండా కనిపించాయి. సుమారు 40.7 కోట్ల ఏళ్ల కిందట వేడి నీటి ఊటల్లోని సిలికా ఆ మొక్కలను నిలబడ్డచోటే రాయిగా మార్చేసింది. 1917 నుంచి 1921 దాకా కిడ్‌స్టన్, లాంగ్ అనే ఇద్దరు వాటిని వర్ణించారు. దశాబ్దాల పాటు అక్కడ దొరికినవన్నీ సిద్ధబీజదాలే అనుకున్నారు. 1980లో జర్మనీకి చెందిన రెమీ దంపతులు అదే రాతిలో సంయోగబీజదాన్ని చూపించారు. నిటారుగా లేచిన కాడ, కొసన గిన్నెలాంటి భాగం, అందులో బీజాశయాలు. దానికి లయోనోఫైటాన్ అని పేరు పెట్టారు. అగ్లావోఫైటాన్ అనే మొక్కకు అది రెండో తరమని తరవాత తేలింది.

నా మెట్ల బొమ్మ ఇక్కడే కూలిపోయింది. ఆ సంయోగబీజదం ఫెర్న్‌లో లాగా నేలకు అంటుకున్న పలచని రేకు కాదు, మాస్‌లో లాగా బిడ్డను జీవితాంతం మోసేదీ కాదు. సిద్ధబీజదం కంటే చిన్నదే కానీ, దానిలాగే నిటారు కాడ, నీటిని మోసే కణజాలం, పత్రరంధ్రాలు ఉన్నాయి. రెండు తరాలూ తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయి. అలాంటి స్థితి నుంచి ఒక కొమ్మలో ఒక తరం, ఇంకో కొమ్మలో రెండో తరం పెద్దదైందని చెబితేనే ఆ రాళ్లు చూపేదానికి దగ్గరగా ఉంటుంది.

అపోహ: తొలి మొక్కలంటే వేళ్లూ ఆకులూ ఉన్న చిన్న మొక్కలు.

రైనీలోని రైనియా అనే మొక్కకు ఆకు లేదు, వేరు లేదు. చీలుతూ పోయే పచ్చని కాడ, కింద సన్నని మూలతంతువులు, అంతే. వేరు చేయాల్సిన పనిలో సాయానికి శిలీంధ్రాలు ఉండేవి. అగ్లావోఫైటాన్ కణాల్లో శిలీంధ్రం చిన్న చెట్టులా కొమ్మలు వేసిన గుర్తులు ఆ రాతిలో నేటికీ ఉన్నాయి. ఈనాటి వరి, మొక్కజొన్న వేళ్లలోనూ అలాంటి పొత్తే కనిపిస్తుంది.

అంతకంటే పాత కుక్సోనియా కొన్ని సెంటీమీటర్ల కాడ మాత్రమే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఇసబెల్ కుక్సన్ గౌరవార్థం 1937లో దానికి ఆ పేరు పెట్టారు. ఇంకా వెనక్కి, సుమారు 47 కోట్ల ఏళ్ల నాటికి వెళితే మొక్కలు దొరకవు, అర్జెంటీనా రాళ్లలో సిద్ధబీజాలు మాత్రం దొరికాయి. సిద్ధబీజం గోడలోని స్పోరోపొలెనిన్ అనే పదార్థం అంత గట్టిది.

అపోహ: చెట్టు బెరడుకు పట్టిన మాస్ చెట్టు రసం తాగేస్తుంది.

తాగదు. దానికి నిజమైన వేళ్లే లేవు, మూలతంతువులు పట్టు కోసమే. తన తిండి తానే చేసుకుంటుంది. దయచేసి సున్నం పూయకండి, గీకి పారేయకండి.

అపోహ: జాతరల్లో అమ్మే ఎండు మొక్క సంజీవని, చనిపోయి మళ్లీ బతుకుతుంది.

ముడుచుకున్న గోధుమ రంగు ఉండ, నీళ్లలో వేస్తే విప్పారి పచ్చబడుతుంది. అది సెలాజినెల్లా బ్రయోటెరిస్. అది చనిపోలేదు. ఎండినా కణాలు చెడకుండా కాపాడుకుని, నీరు అందగానే పని మొదలుపెడుతుంది. ప్రాణం పోసే మందు అని అమ్మేవారి మాట నమ్మకండి. వింత చూడాలనుకుంటే దాని సిద్ధబీజాల్లో చూడండి. చిన్నవీ పెద్దవీ రెండు రకాలు. చిన్నదానిలో పురుష సంయోగబీజదం, పెద్దదానిలో స్త్రీ సంయోగబీజదం ఆ గోడ లోపలే పెరుగుతాయి. విత్తనానికి దారి తీసిన మార్పుల్లో ఇదొకటి. సెలాజినెల్లా మాత్రం తన దారిన తాను అక్కడికి చేరింది.

అపోహ: సింగరేణి బొగ్గు ఫెర్న్ అడవుల నుంచి వచ్చింది.

ఐరోపా, అమెరికాల కార్బోనిఫెరస్ బొగ్గు కథను ఇక్కడికి తెచ్చి అతికించడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. అక్కడ లెపిడోడెండ్రాన్ వంటి సిద్ధబీజాల చెట్లు ముఖ్యం. మన గోదావరి లోయ బొగ్గు దాని తరవాతి పెర్మియన్ కాలానిది, దానిలో ప్రధానమైనది గ్లోసాప్టెరిస్. గ్రీకులో ఆ పేరుకు నాలుక ఫెర్న్ అని అర్థం. పేరు ఫెర్న్‌దే అయినా అది విత్తనాల చెట్టు.

అపోహ: విత్తనం వచ్చాక మొక్క ఈత మానేసింది.

చాలా మొక్కలు మానేశాయి, సైకస్ అనే విత్తనాల మొక్క మానలేదు. 1896లో జపాన్‌లో హిరాసే గింకో చెట్టులో, ఇకెనో సైకస్‌లో ఈదే పురుష బీజాలను చూశారు. మాస్ పురుష బీజానికి ఈదే తోకలు, అంటే కశాభాలు, రెండుంటే సైకస్‌లో వేలు. పుప్పొడి గాలికో పురుగులకో అండం దగ్గరికి చేరుతుంది. నెలల తరవాత పుప్పొడి నుంచి పెరిగిన నాళం పగిలి పురుష బీజం బయటికొస్తుంది.

శేషాచలం కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమై ఉంది. రాళ్ల మధ్య, ఎండు గడ్డిలో, వేసవి మంటలు తాకే వాలుల మీద దాని పొట్టి కాండాలు కనిపిస్తాయి. అంత ఎండలోనూ దాని కాబోయే విత్తనం లోపల, అండం దగ్గర, ఒక చుక్క ద్రవం ఊరుతుంది, పురుష బీజం అందులోనే ఈదుతుంది.