జాతికోడి గుడ్లు కొనబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

పెరట్లో నాలుగు కోళ్లు పెంచాలని, అవీ అసలైన జాతివి కావాలని మీలో చాలామందికి ఉంటుంది. కోడిపిల్లల్ని కొనడం కంటే గుడ్లు తెచ్చి పొదిగించుకోవడం చవక, సరదా కూడా. చిక్కల్లా ఒకటే. గుడ్డు చూసి జాతి చెప్పగలిగినవాళ్లు లేరు. అసిల్ అనే దేశీ జాతి గుడ్డు, ఊళ్లో తిరిగే నాటుకోడి గుడ్డు, కడక్‌నాథ్ గుడ్డు పక్కపక్కన పెట్టినా మూడూ ఇంచుమించు లేత గోధుమరంగులోనో మీగడ రంగులోనో ఉంటాయి. కడక్‌నాథ్ నల్లకోడి కనక గుడ్డూ నల్లగా ఉంటుందని నమ్మేవాళ్లున్నారు. ఉండదు. నల్ల కోడిగుడ్డు అని ఎవరైనా చూపిస్తే అది రంగు పూసిందే. అందుకే కొనేది గుడ్డే అయినా, మీరు చూడాల్సింది దాని తల్లినీ తండ్రినీ.

చూడబోయే ముందు ఒక గందరగోళం వదిలించుకోండి. డేగ, కాకి, సేతువ, నెమలి, కౌజు, పర్ల, మైల... ఇవి గోదావరి జిల్లాల్లోనూ కృష్ణా వైపూ అమ్మేవాళ్ల నోట తరచూ వినపడే పేర్లు. ఇవేవీ జాతులు కావు, ఈకల రంగులు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, వీపు మీదో రెక్కల మీదో పసుపు ఈకలుంటే నెమలి. ఒకే అసిల్ జంటకు పుట్టిన పిల్లల్లో ఒకటి డేగ, ఇంకోటి కాకి కావచ్చు. ఉత్తరాదిలో ఇవే అసిల్ రంగులకు పీలా, యాకుబ్, నూరీ, కాగర్ అని వేరే పేర్లున్నాయి. కాబట్టి ‘డేగ గుడ్లు’ అని ఎవరైనా అమ్మితే ఆయన మీకు జాతి చెప్పలేదు, రంగు చెప్పాడు. ఆ రంగు పిల్లకు వస్తుందన్న హామీ కూడా లేదు. (ఈ పేర్లు పందేల నుంచి వచ్చినవే. కోడిపందెం చట్టప్రకారం నేరం, కోడికి నరకం. ఆ జోలికి పోకండి.)

అసిల్‌ను ఒడ్డూపొడుగూ చూసి పట్టుకోవాలి. మెడ పొడవు, నిలబడితే ఒళ్లు నిటారుగా ఉంటుంది, తోక కిందికి వాలుతుంది. ఈకలు తక్కువ, ఒంటికి అంటుకుని గట్టిగా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే కండ బిగువు తెలుస్తుంది. ముక్కు పొట్టిగా, మందంగా ఉంటుంది. కనుబొమల ఎముక ముందుకు పొడుచుకొస్తుంది. దవడల కింద వేలాడే ఎర్రతోలు లేనట్టే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం తలమీది జుట్టు. రంపపు పళ్లలా నిలబడదు. నెత్తికి అతుక్కుని, మూడు వరసల బఠాణీ గింజలు పేర్చినట్టు చిన్నగా ఉంటుంది. పుంజు మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది, పొదగడంలో మాత్రం దిట్ట. ‘నెలకు పాతిక గుడ్లు పెట్టే అసిల్’ అని ఎవరైనా అంటే నవ్వుకుని వచ్చేయండి.

ఒక్క జుట్టు చూసి తీర్పు చెప్పేయకండి. బఠాణీ జుట్టుది పైచేయి. అసిల్‌ను రంపపు జుట్టున్న నాటుకోడితో కలిపినా మొదటి తరం పిల్లలకు బఠాణీ జుట్టే వస్తుంది, కాస్త ఎత్తుగా, వంకరగా ఉండొచ్చు. అందుకే ఒళ్లు, తోక, ముక్కు, ఈకలు అన్నీ కలిపి చూడాలి.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వైపు జాతి. అక్కడి కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈకలు నల్లగా ఉంటే చాలదు, మన కాకి పుంజువీ నల్ల ఈకలే. ఈకలు పక్కకు తప్పించి తోలు చూడండి, నోరు తెరిచి నాలుక చూడండి, కాళ్లు, వేళ్లు, గోళ్లు చూడండి. అన్నిట్లోనూ నలుపు కనపడాలి. జుట్టులో కాస్త ఊదా ఛాయ ఉంటే ఫరవాలేదు. నెత్తురులా ఎర్రగా మెరుస్తూ ఉంటే అనుమానించండి. ఈ జాతిలోనూ పూర్తి నలుపు, మెడమీద తెల్లగీతలున్నది, బంగారు ఈకలున్నది అని మూడు రకాలున్నాయి, కాబట్టి మెడమీద వెండి గీతలుంటే అది సంకరం అని తోసేయకండి. మోసం జరిగేది ఎక్కువగా పెట్టల్లో. కడక్‌నాథ్ పుంజును పసుపుకాళ్ల నాటుపెట్టతో కలిపితే పుట్టే ఆడపిల్లలు నల్లతోలుతో రావచ్చు, మగపిల్లల్లో ఆ నలుపు బాగా తగ్గిపోతుంది. అందుకే పెట్టను ఒక్కదాన్నే చూపిస్తే సరిపెట్టుకోకుండా దాని అన్నదమ్ములైన పుంజుల్ని కూడా చూపించమనండి.

ఇక వనరాజా, గ్రామప్రియ. ఇవి మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవి, పెరటికి చాలా మంచివి. కానీ ఇవి సంకరాలు. మీ ఇంట్లో వనరాజా పుంజునూ పెట్టనూ కలిపి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిదండ్రుల్లా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి గిడసది, ఒక్కోదానిది ఒక్కో రంగు. గుడ్లూ తగ్గుతాయి. కావాలంటే పిల్లల్నే సంస్థ దగ్గరో, అక్కడి తల్లికోళ్లను పెంచే హేచరీలోనో కొనుక్కోండి. ‘వనరాజా జాతిగుడ్లు’ అని ఊళ్లో కొనడం దండగ.

ఇప్పుడు అసలు సంగతి. పెట్ట జాతిది, పుంజు జాతిది, రెండూ కళ్లముందున్నాయి. అయినా గుడ్డు సంకరం కావచ్చు. ఎలాగంటే, ఒకసారి పుంజుతో కలిసిన పెట్ట కడుపులో ఆ వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా బతికే ఉంటుంది. పక్కింటి పుంజు గోడ దూకి వచ్చి వెళ్లినా, పదిరోజుల తర్వాత పెట్టిన గుడ్డుకు అదే తండ్రి కావచ్చు. కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ‘ఇది జాతిదేనా?’ అని కాదు. ‘ఈ పెట్టల్ని ఈ పుంజుతో విడిగా వల కట్టి ఎన్నాళ్లయింది?’ అని. మూడు వారాలు దాటాక పెట్టిన గుడ్లే పొదగడానికి, అంతకు ముందువన్నీ అట్లకు. వల లేకుండా పది రకాలు ఒకే దొడ్లో తిరుగుతుంటే, ఎంత ఖరీదు చెప్పినా అవి నాటుగుడ్లే. ఒక పుంజుకు ఎన్ని పెట్టలో కూడా లెక్కపెట్టండి. అసిల్ లాంటి బరువైన పుంజుకు ఆరు నుంచి ఎనిమిది మించితే ఖాళీ గుడ్లు ఎక్కువవుతాయి.

వీలైతే ఒక గుడ్డు అదనంగా కొని అక్కడే పళ్లెంలో కొట్టండి. పచ్చసొన మీద చిన్న తెల్లచుక్క కనపడుతుంది. అది అంచు స్పష్టంగా, ఉంగరంలా గుండ్రంగా ఉంటే పుంజు కలిసిన గుడ్డు. చిన్నగా, వంకరటింకరగా, చిక్కటి తెల్లమచ్చలా ఉంటే ఖాళీది.

గుడ్లు ఏరేటప్పుడు మరీ గుండ్రటివి, మరీ పొడుగువి, పెంకు గరుకుగా ఉన్నవి, మరీ పెద్దవి వదిలేయండి. పెద్దదాంట్లో రెండు సొనలుండొచ్చు, అలాంటిది సాధారణంగా పొదగదు. రెండు గుడ్లు మెల్లగా తాటించండి. మోగాల్సిన చప్పుడు బొంగురుపోతే పగులుంది. రెట్ట అంటిన గుడ్లు కొనొద్దు, కొన్నా కడగొద్దు. పెంకు మీద కంటికి కనపడని పలుచటి పొర ఉంటుంది. కడిగితే అది పోయి, సన్న రంధ్రాల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగి గుడ్డు మురిగిపోతుంది.

పెట్టి వారం దాటిన గుడ్డు తీసుకోకండి. రోజు గడిచేకొద్దీ పొదిగే శక్తి తగ్గుతుంది. తెచ్చేటప్పుడు ఊకలో కూరి, మొన కిందికి పెట్టండి. బస్సు కుదుపులకు గుడ్డు మొద్దు చివర ఉండే గాలిగది కదులుతుంది. ఇంటికి రాగానే పొదుగులో పెడితే పిండం నిలవదు. ఒక రాత్రంతా మొన కిందికి పెట్టి కదపకుండా ఉంచండి. దూరం నుంచి వచ్చిన గుడ్లలో సగం పిల్లలైనా బాగా వచ్చినట్టే.

దాచడానికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఫ్రిజ్ మరీ చల్లన, వద్దు. వెడల్పాటి బేసిన్‌లో తడి ఇసుక పోసి మట్టికుండను సగం దాకా అందులో పాతి, లోపల ఊక పరిచి గుడ్లు పెట్టి, మూతికి పలుచని బట్ట కట్టండి. ఇసుక ఆరనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో కొనకపోవడమే మేలు. మన గదుల వేడికి పిండం అరకొరగా కదిలి, పూర్తి పొదుగు వేడి అందక సగంలో చచ్చిపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం.

పొదుగుకొచ్చిన పెట్టకు ముందు రెండు రోజులు మామూలు గుడ్లు పెట్టి, నిలిచి కూర్చుంటుందో లేదో చూడండి. ఆ తర్వాత రాత్రిపూట మీ గుడ్లు మార్చండి. పది, పన్నెండు చాలు, చిన్న పెట్టకు ఎనిమిది. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వేరే పెట్టలు వచ్చి అదే గూట్లో గుడ్డు పెట్టి పోతాయి, గుర్తు లేనిది వెంటనే తీసేయండి. ఏడోరోజు చీకట్లో టార్చ్‌కు పట్టి చూస్తే సాలెపురుగు కాళ్లలా ఎర్ర నరాలు కనపడాలి. తేటగా ఉంటే ఖాళీ, ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే లోపల పిండం చచ్చింది. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. పిల్లలు పుట్టిన ఏడోరోజున వాటికి కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకా చుక్కలు వేయించండి.

పిల్లల తలలు కూడా చూడండి. అసిల్ అని కొన్న గుడ్లలోంచి రంపపు జుట్టు పిల్ల ఒకటి వచ్చిందంటే ఆ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిందన్నమాట. ఒక్కరి వల్ల రాదు. ఆ పిల్లను పారేయక్కర్లేదు, గుడ్లకో కూరకో పెంచుకోండి. అమ్మినాయనకు మాత్రం కబురు పెట్టండి. పెద్దమనిషైతే ఆ గుంపులో ఏ పెట్ట గుడ్లను విడిగా పొదిగించి చూడాలో ఆయనే చూసుకుంటాడు, తర్వాతిసారి మీకు వేరే గుంపు గుడ్లిస్తాడు.

ఇట్లు,
మీ తాతయ్య