హబ్‌కు పట్టేసిన కారు చక్రం: అపోహలు - వాస్తవాలు

నట్లన్నీ ఊడి చేతికొచ్చాయి, కారు జాకీ మీద లేచి ఉంది, చక్రం మాత్రం భీష్మించుకు కూర్చుంది. అప్పుడు పక్కన నిలబడ్డవాళ్లంతా తలో సలహా ఇస్తారు. వాటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని రిమ్మును పాడుచేస్తాయి, ఒకటి రెండు ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: నట్లు మరీ బిగించడం వల్లే చక్రం పట్టేస్తుంది.

వాస్తవం: నట్ల బిగింపు నట్లు విప్పడంతోనే పోతుంది. అసలు పట్టు చక్రం నడిమి రంధ్రం దగ్గర ఉంటుంది. హబ్ అంటే చక్రాన్ని బిగించే, దానితో పాటే తిరిగే భాగం. హబ్ మధ్యలో గుండ్రటి అంచు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చక్రం దాని మీద సరిగ్గా ఎక్కి కూర్చుంటుంది. రెంటి మధ్యా సందు వెంట్రుకవాసి. హబ్ ఇనుము, అల్లాయ్ వీల్ అల్యూమినియం. ఈ రెండూ తాకే చోట తడి చేరితే, అందులోనూ ఉప్పు కలిసిన తడి అయితే, అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతూ పోతుంది, ఇటు హబ్ ఎర్రగా తుప్పు పడుతుంది. తుప్పుకు అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి. వానకు ఉబ్బిన తలుపు గుమ్మంలో బిగిసినట్టు చక్రం బిగిసిపోతుంది. అందుకే ఎంత బలంగా లాగినా రాదు. ఆ తుప్పు పొరను అదిరించి పగలగొట్టాలి.

అపోహ: స్టీల్ రిమ్ములకు ఈ బాధ లేదు.

వాస్తవం: ఉంది. కాకపోతే అల్లాయ్ అంత మొండికేయదు.

అపోహ: నట్లన్నీ తీసి పక్కన పెట్టాకే కొట్టడం మొదలుపెట్టాలి.

వాస్తవం: దెబ్బలు తగలడం ఇక్కడే. పట్టు వదిలినప్పుడు చక్రం మెల్లగా జారదు, ఒక్కసారిగా ఊడిపడుతుంది. టైరుతో కలిపి 15 నుంచి 20 కిలోలు కాళ్ల మీద పడొచ్చు. కనుక ఎదురెదురుగా రెండు నట్లు తిరిగి ఎక్కించండి. నట్టులోని మరలన్నీ స్టడ్డును (హబ్‌లోంచి బయటికి వచ్చే మరల కడ్డీని) పట్టుకుని ఉండాలి, చక్రానికీ నట్టుకూ మధ్య 3 నుంచి 5 మి.మీ. ఖాళీ ఉండాలి. మరల కొసన వేలాడే నట్టు దెబ్బకు మరలను తినేస్తుంది. స్టడ్లు కాకుండా బోల్టులు ఉండే కార్లలోనూ ఇంతే.

ఇంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: నట్లు నిజంగా అన్నీ వచ్చాయా? ప్లాస్టిక్ మూత కింద దాక్కున్న తాళం నట్టును మరిచిపోయి చక్రంతో కుస్తీ పట్టేవాళ్లు తక్కువేం కాదు. వెనక డ్రమ్ము బ్రేకులుంటే ఇంకో చిక్కు. చాలా కార్లలో డ్రమ్ము కూడా ఆ నట్ల బిగింపుతోనే నిలబడుతుంది, మహా అయితే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. కొట్టినప్పుడు చక్రం డ్రమ్మును కూడా లాక్కొని రాబోతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటే లోపలి బ్రేకు షూలు డ్రమ్మును రానివ్వకుండా పట్టుకుంటాయి.

అపోహ: కారుతో వచ్చిన జాకీ ఉంటే చాలు, ఎంతైనా తన్నొచ్చు.

వాస్తవం: ఆ జాకీ నిలువు బరువు మోయడానికి చేసింది, పక్కనుంచి వచ్చే దెబ్బ కాయడానికి కాదు. కొట్టాలంటే కారు కింద బరువు మోసే స్టాండు ఉండాలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు ఉండాలి. స్టాండు లేనప్పుడు కారును కిందికి దించి చేసే పద్ధతే మేలు, అది తర్వాత చెబుతాను.

స్టాండు ఉంటే టైరు పక్కభాగాన్ని మడమతో తన్నండి. గడియారంలో 3 ఉండే చోట ఒకసారి, 9 ఉండే చోట ఒకసారి, మార్చి మార్చి. పైభాగాన తంతే కారు అవతలికి ఒరుగుతుంది. నాలుగైదు దెబ్బలకోసారి చక్రాన్ని పావు చుట్టు తిప్పాలి. తిప్పడానికి గేరు న్యూట్రల్ చేయాల్సి వస్తే అడ్డాలు గట్టిగా ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోండి. చక్రం ఊగేకొద్దీ తుప్పు పొర ఒక్కోవైపు నుంచి పగులుతూ వస్తుంది.

అది చాలకపోతే లోపలివైపు నుంచి కొట్టాలి. ముందు చక్రానికైతే స్టీరింగు పూర్తిగా తిప్పేయండి, టైరు లోపలి అంచు బయటికి కనిపిస్తుంది. వెనక చక్రానికి మీటరు పొడవు గట్టి చెక్క తీసుకుని, ఒక కొసను టైరు లోపలి పక్కకు ఆనించి, రెండో కొస మీద సుత్తితో కొట్టండి. తలా ఛాతీ కారు కిందికి పోనివ్వకండి. ఇనుప సుత్తి నేరుగా రిమ్ముకు తగలకూడదు. అల్లాయ్ చీలొచ్చు. ఆ చీలిక ఒక్కోసారి కంటికి కనిపించదు కూడా.

అపోహ: నట్లు వదులు చేసి కారు నడిపితే అదే ఊడొస్తుంది.

వాస్తవం: సగం నిజం. కారును నేలకు దించి, నట్లను చేత్తో బిగించి, తర్వాత అన్నిటినీ అర చుట్టు వెనక్కి తిప్పండి. చాలా కార్లలో నట్టు ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ. చొప్పున జరుగుతుంది, అంటే అర చుట్టుకు వచ్చే ఖాళీ 0.75 మి.మీ. తుప్పు పగలడానికి అది చాలు. ముందు కారును పక్క నుంచి తోస్తూ ఊపి చూడండి. కదలకపోతే, ఎవరూ లేని చదును జాగాలో నడక వేగంతో ఒకటి రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ పోనిచ్చి బ్రేకు నొక్కండి. “టక్” మని వినిపించగానే ఆపేయాలి. అంతకు మించి నడిపితే స్టడ్లు వంగుతాయి, చక్రంలోని రంధ్రాలు కోలగా అరుగుతాయి. నట్లు వదులుగా ఉన్న కారును రోడ్డెక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

అపోహ: గ్యాస్ టార్చితో కాస్త వేడి చేస్తే వదిలేస్తుంది.

వాస్తవం: టైరు ఎక్కి ఉన్న చక్రానికి మంట పెట్టకూడదు. లోపలి రబ్బరు వేడికి విచ్ఛిన్నమై మండే వాయువులు పుడతాయి, మంట తీసేసిన తర్వాత కూడా టైరు బాంబులా పేలొచ్చు. బేరింగులోని గ్రీజు కరగడం, అల్లాయ్ గట్టిదనం పోవడం వగైరా ఆ తర్వాతి లెక్క.

వేడే కావాలంటే మరుగుతున్న నీళ్లు చాలు. ఇనుము కన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 60 మి.మీ. రంధ్రం దగ్గర 50 డిగ్రీల వేడి పెరిగితే సందు సుమారు 0.03 మి.మీ. పెరుగుతుంది. చిన్న మొత్తమే, కానీ బిగిసింది కూడా అంత చిన్న సందులోనే కదా. స్టీల్ రిమ్ముకు ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు.

అపోహ: తుప్పు వదిలించే ఆయిల్ ఎంత కొడితే అంత మంచిది.

వాస్తవం: మధ్య మూత తీసి, హబ్ అంచూ చక్రమూ కలిసే గీత వెంట రెండు మూడు సార్లు కొడితే సరి. రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ 15-20 నిమిషాలు ఆగండి, ఆ అదురుకు నూనె లోపలికి పాకుతుంది. స్టడ్ల రంధ్రాల్లో పోస్తే అది బ్రేకు దాకా చేరుతుంది. బ్రేకు డిస్క్ మీద పడినా తెలియని నూనె తొలిసారి బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. బ్రేక్ క్లీనరుతో తుడవకుండా చక్రం ఎక్కించొద్దు.

అపోహ: ఊడొచ్చాక అంతటా గ్రీజు పూసేస్తే మళ్లీ పట్టదు.

వాస్తవం: ముందు శుభ్రం చేయాలి. హబ్ ముఖాన్నీ అంచునూ వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా రుద్దండి. చక్రం రంధ్రంలోని తెల్ల పొడిని గరుకు ప్యాడుతో తీయండి, అల్లాయ్‌ని అరగదీయొద్దు. డిస్కుకూ హబ్‌కూ మధ్య 0.1 మి.మీ. తుప్పు పెచ్చు మిగిలినా డిస్క్ వంకరగా తిరుగుతుంది, కొంతకాలానికి బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. డిస్క్ వంగిందనుకుని మార్చేవాళ్లు చాలామంది, అసలు దోషి ఈ పెచ్చు అయినా.

ఆ తర్వాత అల్యూమినియం లేదా సెరామిక్ రకం యాంటీ-సీజ్ పేస్టు (లోహాలు ఒకదానికొకటి పట్టేయకుండా పూసేది), అది కూడా హబ్ మధ్య అంచు మీద మాత్రమే, రంగు కనిపించీ కనిపించనంత పలచగా. చదునైన ముఖాలు పొడిగా ఉండాలి. కారు బరువునూ బ్రేకు జోరునూ మోసేది ఆ ముఖాల మధ్య రాపిడి, నట్లు వాటిని నొక్కిపట్టి ఉంచుతాయంతే.

స్టడ్ల మరలకూ, నట్టు ఆనే చోటకూ కూడా పేస్టు తగలకూడదు. పొడి మరల మీద బిగించే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, స్టడ్డును లాగిపట్టేది మిగిలిన 10 శాతమే. అక్కడ జిడ్డు పడితే అదే టార్కుకు (తిప్పే బలానికి) స్టడ్డు మీద లాగుడు అమాంతం పెరిగి, అది సాగిపోతుంది.

నట్లను ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురు వరసలో, కారు మాన్యువల్లో చెప్పిన టార్కుకు బిగించండి. చిన్న, మధ్య రకం కార్లకు అది చాలావరకు 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లబడి ఉన్నప్పుడు, టార్క్ రెంచీతో అన్ని నట్లనూ మరోసారి చూడండి.