ఫర్‌గెట్ కొట్టినా పోని వైఫై పేరు: అపోహలు - వాస్తవాలు

"ఫర్‌గెట్ కొట్టాను, మళ్లీ వచ్చింది. రీస్టార్ట్ చేశాను, మళ్లీ వచ్చింది. ఇక ఫార్మాట్ చేసెయ్యండి." సర్వీసు కౌంటర్ల దగ్గర తరచూ వినే మాట ఇది. తీరా చూస్తే లాప్‌టాప్‌కు ఏ జబ్బూ ఉండదు. వైఫై గుర్తు నొక్కితే వచ్చే జాబితాలో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కనిపిస్తుంటుంది, అంతే. దానికోసం ఫార్మాట్‌కు డబ్బు కట్టి, బ్యాకప్ లేని ఫొటోలు పోగొట్టుకుని ఇంటికెళ్లాక, ఆ పేరు మళ్లీ అక్కడే పలకరిస్తుంది.

అపోహ: ఫర్‌గెట్ నొక్కితే ఆ పేరు కనిపించకుండా పోవాలి.

వాస్తవం: కంప్యూటర్లో రెండు జాబితాలున్నాయి. మొదటిది, ఈ క్షణాన చుట్టుపక్కల వినిపిస్తున్న నెట్‌వర్క్‌లది. ప్రతి రూటరూ తన పేరును సెకనుకు దాదాపు 10 సార్లు బీకన్‌గా (నేనిక్కడున్నానని చెప్పే చిన్న రేడియో సంకేతంగా) చాటుతుంది. మీ వైఫై కార్డు చెవిన పడ్డ పేర్లన్నీ తెర మీదికొస్తాయి. రెండోది, మీరు ఎప్పుడో కనెక్టయినప్పుడు పాస్‌వర్డ్‌తో సహా సేవ్ అయిన ప్రొఫైళ్లది. ఫర్‌గెట్ చెరిపేది ఈ రెండోదాన్నే. పక్కింటి రూటర్ ఆన్‌లో ఉన్నంతకాలం మొదటి జాబితాలో దాని పేరు వస్తూనే ఉంటుంది. ఫార్మాట్ చేసినా, కొత్త లాప్‌టాప్ కొన్నా అంతే.

కాబట్టి ముందు మీకు ఏది కావాలో తేల్చుకోండి. ఆ నెట్‌వర్క్‌కు తనంతట తాను కనెక్ట్ కాకూడదా? అయితే ఫర్‌గెట్ చాలు. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ వరకు వెళ్తే సేవ్ అయినవన్నీ ఉంటాయి. ఆ రూటర్ దగ్గర్లో లేకపోయినా ఇక్కడినుంచి తీసేయొచ్చు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, అడ్వాన్స్‌డ్‌లో తీసేయాలి. ఐక్లౌడ్ కీచైన్ (పాస్‌వర్డ్‌లను మీ ఆపిల్ పరికరాలన్నింటికీ పంచే సదుపాయం) వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఒక పరికరంలో ఫర్‌గెట్ చేస్తే అదే అకౌంట్‌లో ఉన్న మిగతావీ ఆ నెట్‌వర్క్‌ను మర్చిపోతాయి. ఇంట్లో ఐఫోన్‌కు ఉన్నట్టుండి నెట్ పోవడానికి ఇదొక కారణం. ఆఫీసు లాప్‌టాప్‌లో కంపెనీ పాలసీతో వచ్చిన నెట్‌వర్క్‌ను మీరు తీయలేరు, ఐటీ వాళ్లనే అడగాలి.

పేరే కనిపించకూడదంటే, విండోస్‌లో ఫిల్టర్ పెట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను (కమాండ్లు టైప్ చేసే కిటికీ) రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా టైప్ చేయండి:

నెట్‌ష్ డబ్ల్యూలాన్ యాడ్ ఫిల్టర్ పర్మిషన్=బ్లాక్ ఎస్ఎస్ఐడీ="పేరు" నెట్‌వర్క్‌టైప్=ఇన్‌ఫ్రాస్ట్రక్చర్

నెట్‌ష్ అంటే ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్. డబ్ల్యూలాన్ అంటే డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్. ఎస్ఎస్ఐడీ అంటే వైఫై పేరు. నెట్‌వర్క్‌టైప్ ఒకే పదం, మధ్యలో ఖాళీ వద్దు. "పేరు" ఉన్నచోట ఆ నెట్‌వర్క్ పేరు ఉన్నదున్నట్టు ఉండాలి; పెద్దక్షరం, చిన్నక్షరం, ఖాళీ ఏది మారినా ఫిల్టర్ పని చేయదు. పెట్టిన ఫిల్టర్లు చూడాలంటే "నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఫిల్టర్స్". తీసేయాలంటే అదే కమాండ్‌లో యాడ్ బదులు డిలీట్.

పర్మిషన్ దగ్గర డినైఆల్ (ఇదీ ఒకే పదం) పెడితే అన్ని పేర్లూ ఒక్క దెబ్బకు పోతాయన్న చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అందులో ఎస్ఎస్ఐడీ రాయనక్కర్లేదు. కానీ ముందుగా మీ వైఫైకి పర్మిషన్=అలౌ ఫిల్టర్ పెట్టకుండా అది కొడితే మీ నెట్ కూడా పోతుంది. అలౌ పెట్టినా, లాప్‌టాప్‌ను ఊరు తీసుకెళ్తే ఫోన్ హాట్‌స్పాట్ సహా ఏదీ కనిపించదు. వైఫై కార్డు పోయిందనుకుని మార్పించుకునేది ఇలాంటప్పుడే. కార్డు మార్చే ముందు షో ఫిల్టర్స్ ఒకసారి కొట్టి చూడండి.

అపోహ: నెట్‌వర్క్ రీసెట్ కొడితే శుభ్రమైపోతుంది.

వాస్తవం: ఒక్క పేరు కోసం అంత పని అక్కర్లేదు. రీసెట్ అయితే అడాప్టర్లన్నీ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ అవుతాయి. సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, చేత్తో పెట్టుకున్న ఐపీ అడ్రసులు పోతాయి, వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. నెట్‌వర్క్ పబ్లిక్‌గా మారితే షేర్ చేసిన ప్రింటర్ దొరకదు. అయినా పక్కింటి పేరు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకా ఖరీదైన తప్పు, రూటర్ వెనక రీసెట్ బటన్ ఉండే సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చడం. మీ కంప్యూటర్ జాబితాతో దానికి సంబంధమే లేదు. ఫైబర్ కనెక్షన్ అయితే, సర్వీసు ప్రొవైడర్ అందులో పెట్టిన నెట్ లాగిన్ వివరాలు, అంటే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు చెరిగిపోవచ్చు. ఆ వివరాలు మీ దగ్గర రాసిపెట్టి లేకపోతే టెక్నీషియన్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నవాటికి మారిపోతాయి కాబట్టి టీవీ, సీసీ కెమెరా, ప్రింటర్ అన్నింటినీ మళ్లీ కలుపుకోవాలి.

అపోహ: వాళ్ల పేరు నా జాబితాలో ఉందంటే వాళ్లు నా కంప్యూటర్లోకి చూస్తున్నట్టే.

వాస్తవం: కాదు, భయపడకండి. "పోలీస్ నిఘా" అనో "వైరస్" అనో పేరు కనిపించి నిద్ర పట్టనివాళ్లున్నారు. వైఫై పేరంటే ఎక్కువలో ఎక్కువ 32 బైట్ల అక్షరాలు. ఎవరైనా తమ రూటర్‌కు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మీరు కనెక్ట్ కానంతవరకు అది వీధిలో బోర్డు లాంటిదే.

జాగ్రత్త పడాల్సింది రెండో జాబితా గురించి. స్టేషన్లో, హోటల్లో పాస్‌వర్డ్ లేకుండా వాడిన వైఫై ప్రొఫైళ్లు అందులో పోగుపడి ఉంటాయి. కంప్యూటర్ నెట్‌వర్క్‌ను గుర్తుపట్టేది ప్రధానంగా పేరు, సెక్యూరిటీ రకాన్ని బట్టే. అదే పేరుతో ఇంకెవరైనా ఓపెన్ హాట్‌స్పాట్ పెడితే, ఆటో కనెక్ట్ టిక్ ఉన్న లాప్‌టాప్ అడక్కుండానే వెళ్లి అతుక్కుంటుంది. ఓపెన్ వైఫైలన్నింటినీ ఈరోజే ఫర్‌గెట్ చేయండి. ఇంటి వైఫై జోలికి మాత్రం పాస్‌వర్డ్ రాసిపెట్టుకోకుండా వెళ్లొద్దు. అది గుర్తులేకపోతే "నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్ నేమ్="పేరు" కీ=క్లియర్" అని కొడితే కీ కంటెంట్ అన్న వరుసలో కనిపిస్తుంది.

అపోహ: నేను ఫర్‌గెట్ చేస్తే నా వైఫై వాడుతున్న పక్కింటివాళ్లకు కట్ అవుతుంది.

వాస్తవం: మీకే కట్ అవుతుంది. వాళ్లను ఆపాలంటే రూటర్ పేజీలో వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. ఆ పేజీ అడ్రసు, లాగిన్ వివరాలు రూటర్ స్టిక్కర్ మీద ఉంటాయి. మార్చాక మీ లాప్‌టాప్ పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నించి "కనెక్ట్ కాలేకపోతున్నాం" అని మొరాయిస్తే, అప్పుడు ఫర్‌గెట్ చేసి కొత్తది కొట్టండి.

అపోహ: మన వైఫై పేరు దాచేస్తే ఎవరూ పట్టుకోలేరు.

వాస్తవం: మామూలు స్కానర్ యాప్‌కు కూడా అది పేరు లేని నెట్‌వర్క్‌గా దొరుకుతుంది. పైగా దాచిన పేరును వెతకడానికి మీ లాప్‌టాపే వెళ్లిన చోటల్లా ఆ పేరును పిలుస్తుంది. పేరు కనబడనిచ్చి, రూటర్ సెక్యూరిటీ రకాల్లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోండి.