రాక్షసుడితో ప్రేమకథ: అపోహలు - వాస్తవాలు

మనిషికీ రాక్షసుడికీ మధ్య నడిచే డార్క్ రొమాన్స్‌లు రాయడం, వేరేవాళ్లు రాసినవి దిద్దిపెట్టడం నా పని. ఈ జానర్ పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లున్నారు. ‘అదెంత పని, హీరోకి రెండు కొమ్ములు పెడితే సరి’ అనేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లతో నాకు పేచీ లేదు. ఇది రెండోవాళ్ల కోసం.

అపోహ: ఇదంతా ఇంగ్లిష్ నవలల నుంచి దిగుమతైన సరుకు.

వాస్తవం: ఒకసారి ఆదిపర్వం తిరగేయండి. లక్కయింటి నుంచి బయటపడ్డ పాండవులు అడవిలో ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటే భీముడొక్కడే కాపలా కాస్తుంటాడు. నరవాసన పసిగట్టిన హిడింబాసురుడు వాళ్లను చంపి తెమ్మని చెల్లెలు హిడింబను పంపుతాడు. ఆమె భీముణ్ని చూసి మనసు పారేసుకుంటుంది, అందమైన ఆడమనిషి రూపం తెచ్చుకుంటుంది. కాసేపటికే ఆమె అన్న ఆ భీముడి చేతిలోనే చస్తాడు. అక్కడితో అయిపోలేదు. రాక్షసులు పగ మరచిపోరు, నువ్వూ మీ అన్న దారినే పో అంటూ భీముడు ఆమె మీదికీ వెళ్తాడు, ధర్మరాజు అడ్డుపడతాడు. ఆమె కుంతిని బతిమాలుకుంటే పెళ్లికి ఒప్పుకుంటారు, అదీ షరతుల మీద. పగలంతా ఎక్కడికైనా తీసుకెళ్లు, పొద్దుగూకేసరికి మా భీముణ్ని మాకు తెచ్చి అప్పగించు అంటాడు ధర్మరాజు. కొడుకు పుట్టేదాకానే ఉంటానంటాడు భీముడు.

తినడానికి వచ్చి ప్రేమలో పడటం, అన్నను చంపినవాడితోనే కాపురం, ఆ కాపురానికీ గడువు. ఇంతకన్నా డార్క్ ప్లాట్ ఈమధ్య నా బల్ల మీదికి రాలేదు.

అపోహ: హీరో ఎంత క్రూరుడైతే కథ అంత డార్క్.

వాస్తవం: నేను చూసే రాతప్రతులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. గొంతు పట్టుకోవడం, గోడకు అదమడం, గదిలో పెట్టి తాళం వేయడం... ఇవన్నీ మామూలు మనిషి విలన్ కూడా చేయగలడు. ఆ మాత్రానికి రాక్షసుడెందుకు? చీకటి ఉండాల్సింది బేరంలో. అతను ఏమిస్తున్నాడు, బదులుగా ఏం పట్టుకుపోతున్నాడు, పోయేదేంటో ఆమెకు ఎంతవరకు తెలుసు?

చావుబతుకుల్లో ఉన్న తమ్ముణ్ని కాపాడమని హీరోయిన్ అడిగిందనుకోండి. ‘బదులుగా నీ ప్రాణం’ అని రాక్షసుడంటే పాఠకులకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ‘నీ తమ్ముడికి ఇక నువ్వెవరో గుర్తుండదు’ అనిపించి చూడండి. ఆమె సరేనంటుంది. తెల్లారాక తమ్ముడు లేచి కూర్చుంటాడు. మంచినీళ్లు అందిస్తున్న అక్కను చూసి ‘మీరెవరండీ?’ అంటాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ రాక్షసుడు ఆ మాట విని మొహం పక్కకు తిప్పుకుంటాడు. రక్తం చుక్క లేదు. నేను రాస్తే ప్రేమకథ ఆ మొహం తిప్పుకోవడం దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: రాక్షసుడన్నాక ఆమె ఇష్టాయిష్టాలతో పనేముంది?

వాస్తవం: మామూలు ప్రేమకథలో కన్నా ఇక్కడే ఎక్కువ పని. మనసులో చొరబడి వశం చేసుకోగలవాడు ప్రేమిస్తే, ఆమె నోట వచ్చిన ‘సరే’ ఆమెదో అతనిదో పాఠకులకు ఎలా తెలియాలి? అందుకే మొదటి అధ్యాయాల్లోనే అతని శక్తికి హద్దు పెట్టాలి. పిలవందే గడప దాటలేడనో, ఆమె మీద వశీకరణ పారదనో, అబద్ధం ఆడలేడనో ఏదో ఒకటి. పదో అధ్యాయంలో ఇరుక్కుపోయామని ఆ హద్దును చెరిపేస్తే మాత్రం ఇక కథను ఎవరూ నమ్మరు.

కథోలిక బైబిల్లోని తోబీతు గ్రంథంలో అస్మోదియస్ అనే పిశాచం సారా అనే అమ్మాయి పెళ్లాడిన ఏడుగురినీ ఒకరి తర్వాత ఒకరిని తొలిరాత్రే చంపేస్తుంది. దానికి ఆమె మీద ప్రేమ అని కొన్ని గ్రీకు ప్రతుల్లో ఉంది. ఆమె మాత్రం ఈ బతుకు వద్దని దేవుణ్ని వేడుకుంటుంది. అంతటి పిశాచమూ చేప గుండె, కాలేయం కాల్చిన పొగకు తాళలేక ఈజిప్టుకు పారిపోతుంది. హద్దు ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, ఉండాలి.

అపోహ: రాక్షసుడు చివరికి మనిషైపోతేనే సుఖాంతం.

వాస్తవం: నవలంతా ఒకణ్ని ప్రేమించేలా చేసి ఆఖరి పేజీలో ఇంకొకణ్ని చేతిలో పెడితే పాఠకులకు ఒళ్లు మండదా? హిడింబ మనిషి రూపం తెచ్చుకుందే గానీ ఏ రోజూ మనిషి కాలేదు. అలాగని మారతానని ఒట్టేసినవాణ్ని నమ్మేయక్కర్లేదు. రష్యన్ కవి లెర్మంతొవ్ 1829లో మొదలుపెట్టి పదేళ్లు తిరగరాసిన ‘డెమన్’ కావ్యంలో రాక్షసుడు చెడును వదిలేస్తానని ఒట్టు మీద ఒట్టు వేస్తాడు. అతను ప్రేమించిన తమారా మనసు కరుగుతుంది, అతని ముద్దుకే ప్రాణం పోతుంది. ఆమె ఆత్మను దేవదూత తీసుకుపోతాడు, ఇతను ఒంటరిగా మిగిలిపోతాడు. ఎంత గొప్ప కావ్యమైనా మా లెక్కలో అది రొమాన్స్ కాదు, విషాదం. రొమాన్స్ అని పేరు పెట్టాక ఇద్దర్నీ కలపాలి. వాళ్లు ఎవరు ఎలా ఉన్నారో అలాగే ఉండి, దానికయ్యే ఖర్చు ఇద్దరూ భరించేలా కలపాలి.

అపోహ: రాక్షస పాత్ర ఎప్పుడూ మగదే.

వాస్తవం: హిడింబ సంగతి చెప్పాను కదా. 1772లో ఫ్రెంచి రచయిత కజోత్ రాసిన కథలో ఒక స్పెయిన్ యువకుడు దెయ్యాన్ని పిలుస్తాడు. ముందు ఒంటె తలతో ప్రత్యక్షమైన ఆ దెయ్యం తర్వాత బియొండెట్టా అనే అమ్మాయై అతని వెంటపడుతుంది.

అపోహ: ఇవి చదివినవాళ్లు బయట కూడా దుర్మార్గుల్నే ప్రేమిస్తారు.

వాస్తవం: పాఠకుల్ని మరీ అంత అమాయకుల్ని చేయకండి. కాకపోతే ఇవి పెద్దల కథలు, ఆ మాట అట్ట మీదే ఉండాలి. హింస, నిర్బంధం, ఆత్మహత్య ప్రస్తావన లాంటివి ఉంటే మొదటి పేజీలోనే రాసేయాలి. ‘ట్విస్ట్ పోతుందండీ’ అని దాచే రచయితలున్నారు. కథలో ఏముందో చెబితే చాలు, ఎవరికి ఎప్పుడు జరుగుతుందో చెప్పమని ఎవరూ అడగట్లేదు.