స్ప్లిట్ సీజన్ అంటే కొత్త సీట్లు కాదు: ఫుట్‌బాల్ లీగ్ గురించి అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం ప్రాక్టీసు అయ్యాక బంతులు సంచిలో వేస్తుంటే ఒక తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. కాశీనగర్ దగ్గర పల్లె నుంచి బండి మీద వచ్చాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "మాస్టారూ, లీగు రెండు ముక్కలు చేసినప్పుడు రెండో ముక్కలోకి కొత్త గుంటల్ని తీసుకుంటారట కదా? ఒకాయన ఫోన్ చేసినాడు. లక్షన్నర అవుద్దన్నాడు."

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. మా గ్రౌండులో తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడతాయి. గుమ్మ నుంచి, కాశీనగర్ నుంచి వస్తారు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచీ వస్తారు. ఏ భాషవాళ్లయినా గత నాలుగైదేళ్లుగా ఇదే పుకారు మోసుకొస్తున్నారు. ఫోన్ చేసే మనిషి మారతాడు, అడిగే సొమ్ము మారుతుంది, చెప్పే కథ మాత్రం మారదు. మిగతా అపోహలు కూడా కింద రాశాను కానీ వాటికి ఎక్కువ చోటు ఇవ్వను. ఇంట్లో బంగారం తాకట్టుకు పోయేది ఈ ఒక్కదాని వల్లే.

అపోహ: లీగ్ స్ప్లిట్ అయితే ప్రతి క్లబ్బులో కొత్త స్లాట్లు వస్తాయి. డబ్బు కడితే సెకండ్ ఫేజ్‌లో చేరవచ్చు.

రావు. ఒక్కటి కూడా రాదు.

స్ప్లిట్‌లో ఏం జరుగుతుందో చూడండి. మన దేశంలో క్లబ్బులు ఆడే ఐ-లీగ్‌నే తీసుకుందాం. 2020-21లో 11 జట్లు. ఒక్కో జట్టు మిగతా పదింటితో ఒక్కోసారి ఆడింది. ఆ పది మ్యాచ్‌ల తర్వాత పట్టికను రెండుగా కోశారు. పైనున్న ఆరు జట్లు టైటిల్ కోసం తమలో తాము మరో అయిదేసి మ్యాచ్‌లు ఆడాయి, కిందనున్న అయిదు జట్లు తమలో తాము నాలుగేసి ఆడాయి. 2021-22లో 13 జట్లు. అప్పుడు పైన ఏడు, కింద ఆరు. కోసింది పట్టికను. జట్లను కాదు, ఆటగాళ్ల జాబితాలను అసలే కాదు. మొదటి మ్యాచ్‌కు ముందు సంతకం చేసిన కుర్రాడు స్ప్లిట్ అయ్యాక కూడా అదే జట్టులో ఉంటాడు. కొత్తవాడికి చోటు దొరకాలంటే ఉన్నవాడు లేవాలి కదా, స్ప్లిట్ పేరుతో ఎవరూ లేవరు.

కాంట్రాక్టు గురించి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాలు కూడా ఇదే చెబుతాయి. ప్రొఫెషనల్ కాంట్రాక్టు కనీసం అది మొదలైన తేదీ నుంచి ఆ సీజన్ చివరి దాకా ఉండాలి. గరిష్ఠంగా 5 ఏళ్లు, 18 ఏళ్ల లోపు వాళ్లకు 3 ఏళ్లు. న్యాయమైన కారణం లేకుండా సీజన్ మధ్యలో ఏ పక్షమూ ఏకపక్షంగా కాంట్రాక్టు రద్దు చేయకూడదు. ఇక్కడ సీజన్ అంటే మొత్తం సీజన్. ఫేజ్ ఒకటి ఒక సీజన్, ఫేజ్ రెండు ఇంకో సీజన్ అనుకోవద్దు.

మరి కొత్త ఆటగాడు ఎప్పుడు చేరతాడు? రిజిస్ట్రేషన్ విండోలో. దాన్నే ట్రాన్స్‌ఫర్ విండో అంటున్నాం. ఏడాదికి రెండే. మొదటిది 8 నుంచి 12 వారాలు, మధ్యలో వచ్చే రెండోది 4 నుంచి 8 వారాలు. మన దేశంలో ఆ తేదీలు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ముందే ప్రకటిస్తుంది. రెండో విండో మామూలుగా జనవరిలో పడుతుంది. అది స్ప్లిట్‌కు దగ్గరగా పడితే జనం రెండూ ఒకటే అనుకుంటారు. ఫోన్లు చేసేవాళ్లకు కావలసింది కూడా ఆ అయోమయమే.

వాళ్లు వాడుకునే మినహాయింపు ఒకటి ఉంది, అదీ తెలుసుకోండి. విండో మూసేలోపే పాత కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉన్న ప్రొఫెషనల్‌ను విండో మూశాక కూడా రిజిస్టర్ చేయవచ్చు. ఫ్రీ ప్లేయర్ అంటే అది. ముందు ఒక క్లబ్బులో ప్రొఫెషనల్‌గా ఆడి కాంట్రాక్టు ముగిసినవాడికి వర్తించే మాట అది. పదిహేడేళ్ల వయసులో ఎక్కడా సంతకం పెట్టని మన పిల్లవాడిని చూపించి "మీవాడు ఫ్రీ ప్లేయరే కదండీ, ఎప్పుడైనా తీసుకోవచ్చు" అని ఎవరైనా అంటే ఆ మాటకు అర్థమే లేదు.

ఇంత కోపంగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

2021-22 ఐ-లీగ్ డిసెంబర్ చివర్లో కోల్‌కతా చుట్టుపక్కల మొదలైంది. మొదలైన కొద్ది రోజులకే కోవిడ్ కేసులు రావడంతో ఆపేశారు. మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. మన తెలుగు నేల క్లబ్బు శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో మొదటిసారి ఆడుతున్న ఏడాది అది. తెలుగు ఇళ్లలో ఐ-లీగ్ గురించి అంతకుముందు లేనంత మాట్లాడుకునేవాళ్లు, మా పిల్లల ముఖాల్లో కొత్త ఆశ కనిపించేది. సరిగ్గా ఆ విరామంలో మా దగ్గర ఆడే ఒక కుర్రాడి ఇంటికి ఫోన్ వచ్చింది. లీగ్ ఆగింది, మళ్లీ మొదలయ్యాక రెండు గ్రూపులు చేస్తున్నారు, ప్రతి క్లబ్బుకు అయిదు కొత్త స్లాట్లు ఇస్తున్నారు అని ఆ మనిషి నమ్మించాడు. అతను పేరు చెప్పిన క్లబ్బుకు అతనెవరో కూడా తెలియదని తర్వాత తేలింది.

కుర్రాడి తండ్రి నాకు ఫోన్ చేసి అడిగాడు. నేను బరంపురంలో ఒక టోర్నమెంట్ హడావిడిలో ఉన్నాను. "కనుక్కుని చెబుతానండీ" అన్నాను. మూడు రోజులు మరిచిపోయాను. ఆ మూడు రోజుల్లో తల్లి గొలుసు తాకట్టు పెట్టి లక్షా ఇరవై వేలు పంపేశారు. పిల్లవాడు పలాసలో రైలెక్కి కోల్‌కతా వెళ్లాడు. జట్లన్నీ బయో బబుల్‌లో ఉన్నాయి. బయటి మనిషిని హోటల్ లోపలికే రానివ్వరు, గ్రౌండు మాట చెప్పనే అక్కర్లేదు. కల్యాణిలో ఒక లాడ్జిలో పదకొండు రోజులు ఉండి తిరిగొచ్చాడు. ఆ ఫోన్ నంబరు స్విచాఫ్.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. వాడు మంచి లెఫ్ట్ బ్యాక్. ఎడమ కాలితో క్రాస్ వేస్తే బంతి సరిగ్గా స్ట్రైకర్ తల మీదికి వచ్చేది. తిరిగొచ్చాక గ్రౌండుకు రాలేదు. ఇంటికి వెళ్తే "అమ్మ గొలుసు పోయింది సార్, ఇంక ఆడితే ఎలా" అన్నాడు. ఇప్పుడు విశాఖపట్నంలో ఏదో పని చేసుకుంటున్నాడు. ఆ రోజు నేను అయిదు నిమిషాలు కేటాయించి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇది జరిగేది కాదు. అందుకే ఇప్పుడు ఎవరు ఎప్పుడు అడిగినా చేతిలో పని ఆపి సమాధానం చెబుతాను.

కాబట్టి ఫోన్ వస్తే ఈ పనులు చేయండి. ఏజెంటునని చెప్పేవాడికి ఫిఫా లైసెన్స్ ఉండాలి. 2023 నుంచి దానికి పరీక్ష పెడుతున్నారు. లైసెన్స్ ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో అందరూ చూడవచ్చు. పూర్తి పేరు అడగండి, వెతకండి, లేకపోతే ఫోన్ పెట్టేయండి. మైనర్ పిల్లల తరఫున పని చేయాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఏజెంటు రుసుము అంటే ఆటగాడికి వచ్చే జీతంలో వాటా. ఇంకా జీతమే మొదలవని పిల్లవాడి దగ్గర ముందే డబ్బు అడిగేవాడు ఏజెంటు కాదు. లైసెన్స్ ఉందని తేలినా తొందరపడవద్దు, క్లబ్బు ఆఫీసుకు మీరే ఫోన్ చేసి అడగండి. మొహమాటం వద్దు. పిల్లవాడిని నిజంగా కావాలనుకునే క్లబ్బు మీరు నాలుగు ప్రశ్నలు అడిగినందుకు కోపం తెచ్చుకోదు.

అపోహ: విరామం వస్తే జీతం రాదు, నోరు మూసుకుని ఉండాల్సిందే.

ఇది క్లబ్బుల్లో ఆడుతున్న పిల్లల ఇళ్లలో వినే మాట. కాంట్రాక్టులో రాసిన జీతం విరామంలో కూడా జీతమే. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు నుంచి బయటికి వచ్చేందుకు అది న్యాయమైన కారణం అవుతుంది. ఫిఫా నియమాల్లో ఉన్న మాట ఇది. ఏఐఎఫ్ఎఫ్‌లో ఇలాంటి వివాదాలు చూసే ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. నోటీసు మాత్రం కాగితం మీదో మెయిల్‌లోనో ఉండాలి. ఫోన్లో మేనేజరును బతిమాలితే అది లెక్కలోకి రాదు. కాంట్రాక్టు కాపీ ఒకటి ఇంట్లో బీరువాలో ఉంచుకోండి. చాలామంది దగ్గర కాపీయే ఉండదు, నాకు ఆశ్చర్యం వేసేది అక్కడే.

అపోహ: స్ప్లిట్ తర్వాత పాయింట్లు సున్నా నుంచి మొదలవుతాయి.

మన ఐ-లీగ్‌లో అలా జరగలేదు, మొదటి దశ పాయింట్లు అలాగే వెంట వచ్చాయి. 2020-21లో చివరి రోజు ఉదయానికి గోకులం కేరళ, చర్చిల్ బ్రదర్స్, ట్రావ్ మూడూ 26 పాయింట్లతో సమానంగా ఉన్నాయి. గోకులం 4-1తో ట్రావ్‌ను ఓడించింది, చర్చిల్ కూడా గెలిచింది. ఇద్దరికీ 29. ముఖాముఖి ఫలితాల్లో మెరుగ్గా ఉన్న గోకులానికి టైటిల్ వచ్చింది. మా కుర్రాళ్లతో కలిసి ఒకే ఫోన్లో ఆ మ్యాచ్ చూశాను, గోల్ గోల్‌కీ ఫోన్ కింద పడిపోయేది.  ఆస్ట్రియాలో మాత్రం 2018-19లో తెచ్చిన పద్ధతిలో 22 మ్యాచ్‌ల తర్వాత పాయింట్లను సగం చేశారు. అంటే ఏ లీగ్ నియమం ఆ లీగ్‌దే.

అపోహ: ఏడో జట్టుకు ఆరో జట్టు కన్నా ఎక్కువ పాయింట్లు ఉంటే అది మోసం.

కాదు. స్కాట్లాండ్‌లో 2000-01 నుంచి ఇదే పద్ధతి. 12 జట్లు 33 మ్యాచ్‌లు ఆడాక ఆరు, ఆరుగా విడిపోతాయి, ఆపైన అయిదేసి మ్యాచ్‌లు. కింది సగంలో పడ్డ జట్టు ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నా ఏడో స్థానం పైకి రాదు. 2018-19లో హార్ట్స్ 51 పాయింట్లతో ఆరోది, సెయింట్ జాన్‌స్టన్ 52తో ఏడోది. ఈ పద్ధతి నాకు నచ్చదు, కానీ నియమం ముందే తెలిసినప్పుడు దాన్ని మోసం అనలేం.

అపోహ: స్ప్లిట్ అంటే రెండు చాంపియన్లు.

మెక్సికోలో అంతే. 1996 నుంచి ఏడాదికి రెండు టోర్నమెంట్లు, ఇద్దరు విజేతలు.  మన ఐ-లీగ్ స్ప్లిట్ అలాంటిది కాదు, అందులో చాంపియన్ ఒక్కరే. మెక్సికోలో రెండు టోర్నమెంట్ల మధ్య ట్రాన్స్‌ఫర్ విండో కూడా తెరుస్తారు. "రెండో సగంలో కొత్త ఆటగాళ్లు" అన్న మాట బహుశా అక్కడి నుంచే తిరిగి తిరిగి మన దాకా వచ్చింది. అక్కడైనా ఆటగాడిని లోపలికి తెచ్చేది విండోయే.

ఇంకొకటి. 2025-26 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఆలస్యమై 2026 ఫిబ్రవరి 14న మొదలైంది. 14 జట్లు, ఒక్కొక్కరితో ఒక్కసారే, మొత్తం 91 మ్యాచ్‌లు. దాన్ని కూడా స్ప్లిట్ అంటున్నారు కొందరు. అది కుదించిన సీజన్, అంతే.

మళ్లీ ఆ కాశీనగర్ తండ్రి దగ్గరికి వస్తాను. ఇదంతా చెప్పాక ఆయన ముఖం తేలికపడలేదు. "అయితే మావాడికి దారి లేదా మాస్టారూ?" అన్నాడు. ఉంది. కాకపోతే అది ఫోన్లో వచ్చే దారి కాదు. ముందు పిల్లవాడి పేరు ఏఐఎఫ్ఎఫ్ వారి సెంట్రలైజ్డ్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో ఉండాలి. మనం సీఆర్ఎస్ అంటాం. ఏ క్లబ్బుకైనా, ఏ అకాడమీకైనా ఆ రికార్డే మొదటి మెట్టు.

మన సరిహద్దు పిల్లలకు చిక్కు అక్కడే వస్తుంది. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా ఆఫీసుల్లో చివర రాస్తారు. జనన ధ్రువపత్రంలో ఒక రకం, ఆధార్‌లో ఇంకో రకం, స్కూలు రికార్డులో మూడో రకం. అప్పారావు ఒకచోట అప్పారావ్, ఇంకోచోట ఏ. రావు. పుట్టిన తేదీలో కూడా ఒకటి రెండేళ్లు తేడా ఉంటే అండర్-17లో ఆడాల్సిన పిల్లవాడు బెంచీ మీద కూర్చోవాలి. పాతపట్నం వైపు రిజిస్టర్ అయి ఇటు ఆడాలనుకుంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి, దానికీ టైం పడుతుంది. విండో తెరిచాక కాగితాల కోసం పరుగెత్తితే విండో మూసేస్తారు. ఇప్పుడే సరిచేయించుకోండి.

ఆ తండ్రి నిన్న కాగితాలు తెచ్చాడు. ఆధార్‌లో తేదీ తప్పు ఉంది, సరిచేయించడానికి రాసిచ్చాను. పిల్లవాడు సోమవారం నుంచి ప్రాక్టీసుకు వస్తున్నాడు. మీ ఇంట్లో కూడా సీఆర్ఎస్ ఐడీ లేని పిల్లలు ఉంటే జనన ధ్రువపత్రం, ఆధార్, రెండు ఫోటోలు తీసుకుని ఏ ఆదివారమైనా ఉదయం ఆరు గంటలకు గ్రౌండుకు రండి. నాకు రూపాయి ఇవ్వనక్కర్లేదు.